హమూర్‌కు బేరం

కువైట్ అనగానే నాకు చేతిదాకా వచ్చిపోయిన ఒక చేప గుర్తొస్తుంది. ఫర్వానియాలో ఉండే మా అక్కను చూడబోయినప్పుడు, ఫైలకా దీవి వైపు సరదాగా గాలం వేయించే పడవ ఎక్కాను. ఛార్జీ బేరమాడి తగ్గించానన్న పొగరుతో "పులుసుకు మసాలా నూరుకో" అని అక్కకు చెప్పి మరీ వచ్చాను.

నా గాలానికి మోచేతి పొడవు హమూర్ చేప పడింది. పడవ యజమాని, కువైటీ పెద్దాయన, చేతులు తడుపుకుని దాని గాలం తీసి నాకందించాడు.

"చూసుకున్నావుగా, వదిలెయ్," అన్నాడు బజారు హిందీలో.

"డబ్బులిచ్చింది వదలడానికా? పోనీ, దీని ధర చెప్పు."

"కొనాలంటే మార్కెట్‌కు పో. అన్నీ కూరకే పోతే, రేపు నీలాంటి బేరగాణ్ణి ఏం చూపించి పిలవను? యల్లా, తొందరగా, దానికి ఊపిరాడటం లేదు!"

ప్రొద్దుటూరులో మా నాయన బట్టల కొట్టు గుర్తొచ్చింది. కొననివాళ్లకూ చీరలన్నీ పరిచి చూపించి, ఓపిగ్గా మడిచిపెట్టేవాడు. "యాడికి పోతార్రా, మళ్లా వస్తారు" అనేవాడు. నేను విసుక్కునేవాణ్ణి. అందుకే నన్నెప్పుడూ గల్లాపెట్టె దగ్గర కూర్చోనివ్వలేదు.

చేపను నీళ్లలోకి దించాను. నా మొహాన తోకతో నీళ్లు కొట్టి పోయింది.

"చేప యాదిరా?" గుమ్మంలోనే అడిగింది అక్క.

"చూసి, మడిచిపెట్టి వచ్చినాక్కా."

జరిగింది విని అక్క పగలబడి నవ్వింది. తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుని, నూరిన మసాలాలోకి వంకాయలు తరుగుతూ అంది:

"నాయన ఉండింటే, ఈ పొద్దు నిన్ను గల్లా కాడ కూర్చోబెట్టింటాడు."