కొండ మీద టీ అంగడి

హార్సిలీ కొండ మీది గెస్ట్‌హౌస్‌లో నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, గేటు ఎదురుగా ఒకామె టీ అంగడి నడిపేది. అందరం అక్కా అనేవాళ్లం. ఏ పనైనా వచ్చే కాలానికి వాయిదా వేయడం ఆమెకు అలవాటు.

ఒక వానాకాలం ఆమె భర్తకు దగ్గు పట్టుకుంది. మదనపల్లెలో చూపించమన్నాను. "ఈ వానలో బస్సే సరిగ్గా రాదప్పా, ఎండలు రానీ" అంది.

ఎండలొచ్చాయి. కింద ఊళ్లు మాడిపోతుంటే జనమంతా కొండెక్కారు. ఆయన దగ్గుతూనే పొయ్యి దగ్గర నిలబడేవాడు. మళ్లీ అడిగాను.

"ఈ రెండు నెల్లే గదప్పా మాకు బువ్వ. ఇడిసిపెట్టి యాడికి పోయేది? జనం తగ్గనీ."

జనం తగ్గేసరికి మళ్లీ వానలు పట్టుకున్నాయి. ఆ చలికాలం ఒక ఉదయం ఆయనకు ఊపిరి అందలేదు. గెస్ట్‌హౌస్ జీపులో ఇద్దరినీ ఎక్కించుకుని మదనపల్లెకు బయలుదేరాం. మంచులో దారి కనపడక జీపు మెల్లగా కొండ దిగింది. కురబలకోట దాటకముందే ఆయన పోయాడు. ఆమె ఏడవలేదు. ఆయన చెవులకు చుట్టిన మఫ్లరు సర్దుతూనే ఉంది.

ఎండాకాలం మొదలవగానే ఆమె అంగడి తెరిచింది. బెంగళూరు నుంచి వచ్చిన ఒకాయన టీ తాగుతూ, "ఎంత అదృష్టమమ్మా మీది! ఏడాదంతా ఈ చల్లగాలిలోనే ఉంటారు" అన్నాడు.

ఆమె ఆయన వైపు తేరిపార చూసింది.

"సలికాలం దాకా ఈడే ఉండండి సార్" అంది.

మర్యాదకు పిలిచిందనుకొని ఆయన నవ్వి, ఇంకో టీ చెప్పాడు.