తూటాలకు అడ్డంగా ఒక పుట్టి: పెద్దమడుగులో నా ఆదివారం

నేను నరసరావుపేటలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఈ ప్రయాణం నా క్లాసు గదిలోనే మొదలైంది. మార్చిలో చేపల పాఠం చెబుతూ, గుడ్లు పెట్టే చేపల్ని పట్టకూడదని మనమే జాలర్లకు నేర్పాలి అన్నాను. వెనక బెంచీలోంచి సుగుణ లేచింది. హాస్టల్లో ఉండి చదువుకునే పిల్ల. గురజాల అవతల కృష్ణ ఒడ్డున గంగమ్మరేవు వాళ్ళ ఊరు. "మా నాయనమ్మకి ఎవరూ నేర్పలా టీచర్. ఎండాకాలం మా పెద్దమడుగులో ఆమె వల వెయ్యదు, ఎవర్నీ వెయ్యనియ్యదు," అంది. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది, పిల్ల మీద కాదు, నా మీదే. పదిహేనేళ్ళుగా అదే పాఠం చెబుతున్నాను, ఒక్కసారి ఏటి ఒడ్డుకు వెళ్ళి చూసిన పాపాన పోలేదు. సెలవుల్లో వచ్చి చూస్తానని అందరి ముందూ మాటిచ్చాను. స్టాఫ్ రూములో చెబితే, "ఈ ఎండల్లో ఏటికా? రాళ్ళు తప్ప ఏముంది అక్కడ? అదీ ఒక్కదానివేనా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. నలభై దాటినదాన్ని, బస్సెక్కడానికి నాకు తోడెందుకట?

ఆదివారం వస్తే నాయనమ్మ మడుగులోనే ఉంటుందని, తను మాత్రం సెలవులకు అమ్మమ్మగారి ఊళ్ళో ఉంటానని సుగుణ ఉత్తరం రాసింది. దాంతో మే నెలలో ఒక ఆదివారం తెల్లవారి ఐదింటి బస్సెక్కాను. ఆరాధన మానేస్తున్నానని మా పాస్టరుగారు ముందురోజే మొహం ముడుచుకున్నారు. ప్రభువు శిష్యుల్లో కూడా జాలర్లున్నారు కదండీ అని చెప్పి వచ్చాను. పిడుగురాళ్ళ మీదుగా గురజాలకు రెండున్నర గంటలు పట్టింది, టికెట్టు ఆరు రూపాయలు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొగ లోపలికి వస్తుంది, కిటికీ పక్క కూర్చునేవాళ్ళు కొంగో రుమాలో సిద్ధంగా పెట్టుకోండి. గురజాల బస్టాండు ఎదురుగా పాక హోటల్లో రూపాయికి నాలుగు ఇడ్లీలు. ఆ కారప్పొడి మాత్రం చూసి వేయించుకోండి, నాకు కళ్ళలోంచి నీళ్ళు కారాయి. వడ్డించే పెద్దాయన మంచినీళ్ళు అందిస్తూ, "ఏటికి పొయ్యే బస్సు ఏడింటికే ఎల్లిపోయిందమ్మా, మళ్ళీ సాయంత్రమే. రాయి లారీలు పోతయ్, చెయ్యెత్తి ఎక్కండి," అని దారి చెప్పాడు.

చెయ్యెత్తాను. ఆగిన లారీ డ్రైవరు పేరు మస్తాను. శనివారం పగలగొట్టిన రాయి ఎత్తుకు రావడానికి ఖాళీ లారీతో వెళుతున్నాడు. రెండు రూపాయలకు ముందు సీట్లో చోటిచ్చాడు. "టీచరమ్మా, ఇయ్యాల క్వారీకి సెలవు. మావోళ్ళు ఏటి మీద పడతారు, కాస్త చూసుకోండి," అన్నాడు. ఏట్లో వాళ్ళకేం పని అన్నాను. "చేపలకమ్మా. రాయి పగలగొట్టే తూటా ఉంటదే, అది అంటించి నీళ్ళలో ఇసిరితే చిన్నాపెద్దా అన్నీ తేలతయ్. నేనూ తిన్నా, అబద్ధమెందుకు?" అని స్టీరింగు వంక చూస్తూ చెప్పాడు. క్వారీ మలుపులో నన్ను దింపాడు. అక్కణ్ణుంచి రేవుకు మైలున్నర నడక, దారంతా నాపరాళ్ళు. తొమ్మిదింటికే చెప్పుల్లోంచి అరికాళ్ళు చురుక్కుమన్నాయి.

మే నెలలో కృష్ణమ్మను చూస్తే జాలేస్తుంది. పైన ఆనకట్ట దగ్గర నీళ్ళు ఆపేస్తారు, కింద రాళ్ళ మధ్య సన్నటి పాయలే మిగులుతాయి. ఆ పాయల పక్కన ఇసుకలో పచ్చగా పుచ్చ, దోస పాదులు. ఎండాకాలమంతా గంగమ్మరేవు జాలర్ల బతుకు ఈ పాదుల మీదే. సుగుణ వాళ్ళ నాన్న నాగులు ఇసుకలో చెలమ తవ్వి, కుండతో పాదులకు నీళ్ళు పోస్తున్నాడు. "వచ్చారా టీచరమ్మా! మా అమ్మ అదుగో," అని చూపించాడు. రెండు నిలువుల ఎత్తు రాతి గోడల మధ్య నల్లటి నీళ్ళ మడుగు, దాని నడిమధ్యలో బుట్టలాంటి గుండ్రటి పడవ, పుట్టి, పుట్టిలో తలకు తుండు చుట్టుకున్న ముసలావిడ. ఆవిడే కోటమ్మ. నన్ను చూసి తెడ్డు వేసుకుంటూ ఒడ్డుకొచ్చింది. "ఎక్కమ్మా. నడిమిన కూచో, అంచు పట్టుకోబాక." ఎక్కగానే పుట్టి గిర్రున తిరిగింది, నేను కెవ్వుమన్నాను. "సైన్సు చెప్తావంటగా, నీళ్ళకి అరుస్తావేంది?" అని పకపకా నవ్వింది.

మడుగు మధ్యలో నీళ్ళలోకి చూడమంది. కాసేపటికి కళ్ళు అలవాటుపడ్డాక కనిపించాయి. బొచ్చె చేపలు, రాగండ్లు, నా చెయ్యంత పొడుగున్నవి, మెల్లగా తిరుగుతున్నాయి. ఏరు ఎండితే పెద్ద చేపలన్నీ ఇక్కడికే చేరతాయి, మొదటి వరదకు ఎదురెక్కి గుడ్లు పెడతాయి. అందుకే ఉగాది నుంచి ఏరు పొంగేదాకా ఈ మడుగులో వల వెయ్యరు, గాలం వెయ్యరు. నేను నోట్‌బుక్కు తీసి, ఇది మీ తాతల నాటి కట్టుబాటా అని భక్తిగా అడిగాను. కోటమ్మ నోట్లోని పొగాకు ఊసి, "తాతలా! ఈ రేవులో మొదటి తూటా ఏసింది మా ఆయనే," అంది. "ఎవరో క్వారీ మేస్త్రీ ఇచ్చాడు, ఏశాడు. ఎడ్లబండి నిండా చేపలు. ఊరంతా కూరే, తినలేక సగం కుళ్ళిపోయినయ్. ఆ ఏడు వరదొచ్చింది గానీ చేప రాలా. పై ఏడూ రాలా. వల లాగితే నాచు. రెండేళ్ళు మిరపకాయ కోతలకి పొయ్యా. మండే చేతుల్తో అన్నం తింటా ఉంటే ఏడుపొచ్చేది, చేతులారా చేసుకున్నామే అని. అప్పుడు మా ఆయనే ఊళ్ళోవాళ్ళని కూచోబెట్టి ఈ మాట అనిపించాడు. ఆయన పొయ్యాడు. మాట పోనియ్యను." నేను పెద్దల జ్ఞానం కోసం వచ్చాను, దొరికింది పెద్దలు చేసిన తప్పు. నిజం చెబుతున్నాను, ఇదే నాకు ఎక్కువ నచ్చింది.

క్వారీ సెలవు రోజున వంతులవారీగా పుట్టిలో కూర్చుని మడుగు కాయాలని ఊరి ఒప్పందం. ఒకప్పుడు ఏడు పుట్టీలుండేవి. ఇప్పుడు మిగిలింది రెండే, మిగతావాళ్ళు క్వారీ కూలికి పోయారు. ఆ రెండోది నాగులుది, తారు పూసి ఒడ్డున బోర్లించి ఉంది. అతను పాదులు తడిపి కాయలు అమ్ముకు రావాలి, కాబట్టి వంతులన్నీ కోటమ్మవే.

పదకొండింటికి నలుగురు మగవాళ్ళు రాతిగట్టు మీదికి వచ్చారు. ఎర్ర తుండు చుట్టుకున్న ఒకడి చేతిలో కాగితం పొట్లం. ఆ ఎర్ర తుండువాడు అరిచాడు: "ఒసే ముసల్దానా, పుట్టి తియ్యి!"

"తియ్యను. ఏందిరా నీ పెత్తనం?"

"ఏరు నీ అబ్బ సొత్తా? వారమంతా రాళ్ళు కొట్టేవాళ్ళం, ఒక్క పూట చేపల కూర తింటే నీకేంది నొప్పి?"

"తిను, ఎవరొద్దన్నారు? దిగువ పాయలో పరిగె చేపలున్నయ్, వల నేనిస్తా, పట్టుకో. వరదొచ్చినాక రా, ఊరికే పెడతా. దీంట్లో మాత్రం వెయ్యనియ్యను."

వాడు పొట్లంలోంచి తూటా తీసి పైకెత్తి, అగ్గిపుల్ల గీశాడు. నేను పుట్టి అంచు పట్టేసుకున్నాను. కోటమ్మ లేచి నిలబడింది, నడిమిన కూచోమని నాకు చెప్పిన మనిషే. "వెయ్యరా! నా మీద వెయ్యి! ఈ పక్కన కూచున్నది ఎవరనుకున్నావ్? పేపరామె! నీ ఫొటో పేపర్లో ఏస్తది!" నేను పేపరామెను కాను, నా దగ్గర కెమెరా లేదు. కానీ హాజరు పిలిచే గొంతు ఉంది. "పేరు చెప్పండి, రాసుకుంటాను. ఒక్కొక్కరుగా!" అని నోట్‌బుక్కు ఎత్తాను. అగ్గిపుల్ల కాలి వేలికి చురుక్కుమని వాడు చెయ్యి విదిలించాడు. తక్కిన ముగ్గురూ నవ్వేశారు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్ళనూ లేదు. తుమ్మచెట్టు నీడన తువ్వాళ్ళు పరుచుకుని పడుకున్నారు. ఎంతసేపని కూచుంటదో చూద్దామని వాళ్ళ ఎత్తు.

అక్కణ్ణుంచి ఎండకూ మాకూ పోటీ. కోటమ్మ జొన్నన్నం, ఎండుచేపల పులుసు మూట విప్పి నాకు సగం పెట్టింది. పులుసు అద్భుతం, కానీ రెండింటికల్లా తల పగిలిపోతోంది. నేను తెచ్చుకున్న గొడుగు కింద కూడా రాతి గోడల వేడి కొలిమిలా తగులుతోంది. మూడింటికి సిగ్గు విడిచి చెప్పాను, నాలుగున్నరకు గురజాలలో నా బస్సుందని. ఆవిడకు కోపం రాలేదు. "దింపుతా. ఒడ్డుకి పోయి రావటానికి పది నిమిషాలు. వాళ్ళకి రెండు చాలు," అంది మామూలుగా. తుమ్మచెట్టు వైపు చూశాను. ఎర్ర తుండువాడు మోచేతి మీద లేచి మమ్మల్నే చూస్తున్నాడు. నా బస్సు కావాలా, నా చెయ్యంత చేపలు కావాలా? ఛీ, ఇదొక ప్రశ్నా! "పోతే పోయిందిలే బస్సు," అని మళ్ళీ చతికిలబడ్డాను. కోటమ్మ తడిపిన తుండు నా నెత్తిన వేసింది.

ఐదున్నరకు లేచారు. పోతూ పోతూ ఎర్ర తుండువాడు, "వచ్చే ఆదివారం పేపరామె ఉండదు గదా ముసల్దానా!" అని అరిచి మరీ పోయాడు. ఆ మాటకు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ పూట కోటమ్మ ఇంట్లోనే ఉండిపోయాను. ఈ చోటి పేరు ఎక్కడా రాయనులే, తెలిస్తే తూటాలవాళ్ళు ఇంకా వస్తారేమో అన్నాను ఆవిడతో. గయ్యిమంది. "దాస్తే దొంగలకే తెలుస్తది. మడుగు పేరు, రేవు పేరు, నా పేరు, అన్నీ రాయి. జనం వస్తా పోతా ఉంటే ఎవడు వేస్తాడు తూటా?" మర్నాడు మస్తాను లారీ కోసం నేను క్వారీ మలుపు దాకా నడిస్తే, నాగులూ నా వెంటే వచ్చి క్వారీ వైపు తిరిగాడు. కూలి ఒప్పుకున్నాడట. "అమ్మకి చెప్పే వచ్చా," అన్నాడు తల దించుకుని. నలుగురిని పోషించాల్సినవాణ్ణి తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

జూన్‌లో బడి తెరిచాక చేపల పాఠం మార్చి చెప్పాలి. జాలర్లకు మనం నేర్పాలన్న మాట నా నోట ఇక రాదు. ప్రకృతిని కాపాడటమంటే ఏదో పెద్ద పథకమనుకునేదాన్ని. ఆ మడుగు ఈ ఏడు బతికిందంటే ఒక ముసలావిడ ఎండలో కదలకుండా కూర్చోవడం వల్ల బతికింది, వరదొచ్చాక ఆ రేవు వలల్లో పడే ప్రతి చేపా ఆవిడ పుణ్యమే. పేపరామె అని ఆవిడ ఆడిన అబద్ధాన్ని ఇదుగో ఇలా పేపరుకు రాసి నిజం చేస్తున్నాను. రేవు గంగమ్మరేవు, మడుగు పెద్దమడుగు, మనిషి కోటమ్మ. ఇక వెళ్ళదలచినవాళ్ళకు ఒక్క సలహా: ఆదివారమే వెళ్ళండి, పదకొండు లోపల చేరండి, సాయంత్రం బస్సు మీద ఆశ పెట్టుకోకండి. పుట్టిలో ఇంకొక మనిషికి చోటుంది.