చక్రానికి కోళ్ళగూడు

గుడివాడలో శోభనాద్రి పంక్చరు షాపు ఎక్కడని అడిగితే, "కోళ్ళగూడు షాపా?" అని నవ్వి మరీ దారి చూపించేవారు.

అప్పట్లో లారీ చక్రాలకు టైరు ఊడిరాకుండా రిమ్ము అంచున ఒక ఇనుప రింగు ఉండేది. అది సరిగ్గా కూర్చోకపోతే గాలి కొడుతుండగానే తుపాకి గుండులా లేచి వచ్చేది. లేవకుండా చక్రం మీద కాలేసి తొక్కిపట్టడం ఇక్కడి షాపుల్లో అందరికీ అలవాటు. ఆ బలాన్ని మనిషి కాలు ఆపుతుందని ఏ మహానుభావుడు చెప్పాడో గానీ, శోభనాద్రి కూడా పన్నెండేళ్ళు తొక్కాడు. తొంభై మూడులో ఒక రింగు లేచి అతని ఎడమ కాలు విరగ్గొట్టింది.

ఆరు నెలల తర్వాత కుంటుకుంటూ లేచి, మూతబడ్డ రైసుమిల్లు పైపులు తెచ్చి, చక్రం పట్టేంత గూడు వెల్డింగు చేయించాడు. చక్రాన్ని అందులోకి దొర్లించి, పొడుగాటి గొట్టం తగిలించి, దూరంగా నిలబడి గాలి కొట్టేవాడు.

"గుడ్డెప్పుడు పెడుతుందండీ?" అని డ్రైవర్లు ఏడిపించేవారు. ఎదురుషాపు నాగేశ్వరరావు చిటికెలో పని ముగించి పంపిస్తుంటే ఇక్కడ ఆగేదెవరు? బేరాలు సగానికి సగం పడిపోయాయి.

"ఆ గూడు తీసేస్తారా, షాపే మూసేస్తారా?" అంది భార్య బుల్లెమ్మ.

"ఉన్న ఒక్క కాలైనా మిగలనీయవే," అన్నాడు. పైకి అలా అన్నాడే గానీ, షాపు నిలబడదేమోనని లోపల బెంగగానే ఉండేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం బందరు నుంచి చేపల లోడుతో దానియేలు లారీ వచ్చి ఆగింది. నాగేశ్వరరావు ఏదో పెళ్ళికెళ్ళి షాపు కట్టేశాడు కాబట్టి గానీ, లేకపోతే దానియేలు ఇటు తొంగి కూడా చూడడు.

"ఐసు కరిగిపోతోంది బావా! గూడూ గీడూ వద్దు. నేను తొక్కుతాను, నువ్వు కొట్టు," అంటూ చక్రం మీద కుడికాలు వేశాడు.

శోభనాద్రి గొట్టం కింద పడేశాడు. "అయితే నీ చక్రం నువ్వు తీసుకెళ్ళు."

దానియేలు నోటికొచ్చినట్టు తిట్టాడు. వేరే దిక్కులేక చివరికి తనే చక్రాన్ని గూట్లోకి దొర్లించాడు.

పైకి నిక్షేపంలా ఉన్న రింగు సగం గాలికే పేలింది. బజారంతా ఉలిక్కిపడింది. చేతి మందాన ఉన్న పైపు విల్లులా బయటికి వంగిపోయింది. దుమ్ము తగ్గాక చూస్తే దానియేలు నేలమీద చతికిలబడి, కుడికాలిని రెండు చేతులా పట్టుకుని తడుముకుంటున్నాడు. దెబ్బేమీ తగల్లేదు.

"మిగతా చక్రాలు కూడా విప్పు బావా," అన్నాడు. "అన్నీ గూట్లోనే పెట్టి కొట్టు."

"మరి చేపలు?"

"పోతే పోనీ. సముద్రంలో ఇంకా ఉన్నాయి."

మర్నాడు పొద్దున్నే నాగేశ్వరరావు టేపు పట్టుకుని వచ్చాడు. శోభనాద్రి మొహం చూడకుండా, వంగిన గూటికి కొలతలు తీయడం మొదలుపెట్టాడు. ఒక్కడివల్ల కావడం లేదు. శోభనాద్రి కుంటుకుంటూ వెళ్ళి టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"పైపు మాత్రం ఇంతకంటే మందంగా వేయించు బాబాయ్," అన్నాడు.