మూడో పిలుపు

మా పక్క స్థలంలో అపార్టుమెంటు లేస్తోంది. నిన్న సాయంత్రం శ్లాబు పనికని లారీడు సరుగుడు కర్రలు దింపారు. బెరడింకా పచ్చిగానే ఉన్నట్టుంది, రాత్రి మంచుకు తడిసి, పొద్దున్నే ఆ వగరు వాసన వంటింటి కిటికీలోంచి లోపలికొచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూడకుండా నిలబడిపోయాను. అరవైకి దగ్గరపడ్డా ఆ వాసనంటే నాకింకా భయమే.

కోనసీమకు కొండల్లేవు. మాకు ఎత్తంటే ఏటిగట్టు, అది కాదంటే ఓడలరేవు వైపు సముద్రపొడ్డున వరసగా సాగిన ఇసుకదిబ్బలు. డెబ్భైల చివర్లో ఆ దిబ్బల నిండా సరుగుడు తోటలుండేవి. ఏటా క్రిస్మస్ ముందు శనివారం, చర్చిలో కట్టడానికి కొమ్మల కోసం, మా సండేస్కూలు పిల్లలమంతా దయామణి టీచరుగారి వెనక రోజంతా దిబ్బల మీద నడిచేవాళ్లం. స్వెట్టరు అక్కర్లేని చలి, వీపు మీద దుప్పటిలా హాయిగా ఉండే ఎండ, అరిటాకుల్లో కట్టిన పులిహోర, ఉడకబెట్టిన గుడ్లు, ఎవరి డబ్బాలో వాళ్లు దాచుకుని ఎదుటివాళ్ల డబ్బాలోవి తినే పాకుండలు, దిబ్బ ఎక్కేటప్పుడు పాటలు, దిగేటప్పుడు జారుడుబల్ల ఆట.

తలకింద బైబిలు పెట్టుకుని పడుకునే మా మామ్మకు దెయ్యాల మీద నమ్మకం మాత్రం పోలేదు. బయల్దేరే ముందు నన్నూ, నా ఈడుదే అయిన మా చిన్నాన్న కూతురు కరుణనూ పెరట్లోకి లాక్కెళ్లి ఏటా ఒకటే మాట చెప్పేది.

"సరుగుడు తోటలో పేరెట్టి పిలిస్తే మూడోసారిదాకా పలక్కండే. మనిషైతే మూడోసారీ పిలుస్తాడు. అది రెండుసార్లకి మించి పిలవలేదు."

మాకు పదకొండేళ్లప్పుడు, ఆ ఏడు, క్రిస్మస్ నాటకంలో మరియ వేషం కరుణకిచ్చారు. నాకు గొర్రెలకాపరి, అదీ మాటల్లేని కాపరి. దారంతా నేను మూతి ముడుచుకునే నడిచాను. భోజనాలయ్యాక టీచరుగారు కొమ్మలు కొట్టిస్తుంటే, మేమిద్దరం సరుగుడు కాయలేరడానికి పక్క దిబ్బ ఎక్కాం. అక్కడ దాన్ని నానామాటలూ అని, వదిలేసి ముందుకెళ్లిపోయాను.

కాసేపటికి నా అడుగుల చప్పుడు నాకే వినబడడం లేదని గమనించాను. కింద జానెడు మందాన రాలిన సరుగుడాకు. పైన గాలి ఒకటే హోరు, ఆగదు. సముద్రం చప్పుడు నాలుగు వైపులా ఉంది, సముద్రం ఎటుందో తెలియదు. ఎటు తిరిగినా అవే వరసలు, అదే సందు. పిట్టన్నది లేదు. మిట్టమధ్యాహ్నం, చెట్ల కింద మాత్రం పొద్దుగూకినట్టుంది.

"విమలా!"

కరుణ గొంతే. కాస్త ఆగి, ఈసారి ఇంకా దగ్గరగా, "విమలా!" అని.

నేను పలకలేదు. మామ్మ చెప్పిందని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి సగం భయం, సగం కసి. ఇంకోసారి పిలవనీ, బతిమాలనీ అనుకున్నాను. మూడోసారి పిలుపు రాలేదు.

నేను పడుతూ లేస్తూ అందరి దగ్గరికీ చేరాక చూస్తే, కరుణ లేదు. అవతలి దిబ్బ దిగితే సముద్రమే, ఆ ఏడు అలలు దిబ్బ మొదట్లోకే వస్తున్నాయి. టీచరుగారి ముఖం తెల్లబోయింది.

"ఎవరైనా చూసేరామ్మా? కేక గాని విన్నారా?"

నేను తల అడ్డంగా ఊపాను.

పొయ్యిలోకి సరుగుడాకు ఊడ్చుకుంటున్న ఓ పల్లెకారుల ఆవిడ, పొద్దు వాలుతుండగా, కరుణను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "చిట్టచివరి దిబ్బ మీద కూకుందండీ, రెండు చేతులతో నోరు మూసేసుకుని," అంది. ఆ రాత్రే కరుణకు జ్వరం తగిలింది. మరియ వేషం నేను కట్టాను. అందరూ బాగా చేశానన్నారు. నాకు మాత్రం ఏడుపొక్కటే తక్కువ.

ఇప్పుడా దిబ్బలు లేవు. కొన్నింటిని సముద్రం తినేసింది, కొన్నింటిని రొయ్యల చెరువుల కోసం చదును చేశారు. చర్చిలో ప్లాస్టిక్ చెట్టు నిలబెడుతున్నారు. కరుణ టీచరుగా చేసి, ముందుగానే రిటైరై కొత్తపేటలో ఉంటోంది. ఇన్నేళ్లూ మా మధ్య ఆ మాటే రాలేదు. ఇవాళ ఆ వాసన వదలక, ఫోను చేసి అడిగేశాను.

"ఆ వేళ తోటలో నన్ను రెండుసార్లు పిలిచి ఎందుకు ఆపేసేవే?"

"నేనా? నోరు మూసుకుని కూర్చుంటే ఎలా పిలుస్తానే?" అని నవ్వింది. "పిలిచింది నువ్వు కదా. రెండుసార్లు విన్నాను. మూడోసారి పిలుస్తావు, అప్పుడు పలుకుదామని అక్కడే కూర్చుండిపోయేను. లేకపోతే ఇంటిదారనుకుని సముద్రం వేపు దిగిపోయేదాన్ని. నువ్వు వెతుక్కుంటున్నావన్న ధైర్యమే నన్ను ఆపింది."

నేను వంటింటి కిటికీ రెక్క మూసేశాను.

"నువ్వే కదే?" అంది కరుణ.

"ఆఁ, నేనే పిలిచేను," అన్నాను. ఆ మధ్యాహ్నం దాన్ని వదిలేసి వెళ్లాక నేను నోరు తెరవనే లేదని దానికి చెప్పే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు.