అద్దానికి ఊక బూడిద

నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవగలను. అంతకు మించి రాదు కనుక ఇది నోటితో చెబుతున్నాను, పక్కన కూర్చుని వేరొకరు రాస్తున్నారు. చెప్పేది నా గొప్ప కాదు. ఒకామె మీద నేను పడ్డ కుళ్లు. కుళ్లు అనే రాయమన్నాను. అసూయ అని రాస్తే ఏదో పెద్దింటివాళ్ల జబ్బులా వినిపిస్తుంది.

మా షెడ్డు ధవళేశ్వరం నుంచి రాజమండ్రి వెళ్లే రోడ్డు మీద ఉంది. కార్లు కడుగుతాం. మా ఆయన పోయిన ఆరు నెలలకు అక్కడ పనిలో చేరాను, ఇప్పటికి పదేళ్లు దాటింది. మగవాళ్లు పంపు పట్టుకుని నురుగు కొడతారు, చక్రాలు రుద్దుతారు. అద్దాలు మాత్రం నావి. ఎవరూ నాకు రాసివ్వలేదు, అయినా నావే.

వరి కోతల రోజుల్లో చేల పక్క నుంచి వచ్చిన కారు ముందద్దం చూడాలి. పురుగులన్నీ చితికి, ఎండి, బంకలా పట్టేసి ఉంటాయి. గోకితే పోవు. తడిపిన పేపరు పరిచి, అవి నానేదాకా ఆగి, అప్పుడు పాత పంచె గుడ్డతో పైనుంచి కిందికి ఒకే తీరుగా లాగాలి. తుడిచాక వేలికి గుడ్డ చుట్టి రాస్తే అద్దం కిర్రుమనాలి. కిర్రుమనకపోతే ఇంకా జిడ్డు ఉన్నట్టే. ఇవన్నీ ఒకరు నేర్పినవి కావు, చేతికి వచ్చినవి.

కాలవల ఆఫీసులో పనిచేసే ఇంజనీరుగారొకరు వారం వారం తెల్లకారు తెచ్చేవారు. బండి ఆపుతూనే ఒకటే మాట.

"మిగతాది ఎలా కడిగినా పర్లేదండి. అద్దం మీద మాత్రం పిన్నిగారి చెయ్యి పడాలి."

ఆ మాట నేను ఇంటికి తీసుకెళ్లేదాన్ని. అన్నం తింటూ ఒకసారి, గిన్నెలు తోముతూ ఒకసారి తలుచుకునేదాన్ని. మొగుడు పోయిన ఆడదాని చెయ్యి పడాలి అని ఎవరంటారు చెప్పండి. పెళ్లివారింట పసుపు దంచే చోట అనరు, సీమంతంలో గాజులు తొడిగే చోట అనరు. ఆయనొక్కరే అనేవారు, అదీ కారద్దం గురించి.

కిందటి వానాకాలం మొదట్లో తుని నుంచి ఆ పిల్ల వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. అక్కడ హైవే మీద కార్ల షాపులో చేసిందట. మొగుడికి ఇక్కడ లారీ ఆఫీసులో పని దొరికితే కాపురం ఇటు మార్చారు. వచ్చిన మొదటి రోజే చేతిసంచిలోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టింది.

"ఏంటమ్మా అది, అత్తరా?" అన్నాడు మా ఓనరు. నన్ను పిన్నీ అని పిలుస్తాడు, నా కొడుకు వయసువాడు.

"కాదండి. ముందద్దానికి రాసే మందండి. వాన పడితే నీళ్లు నిలవవండి, జారిపోతాయండి."

"నిలువుగా ఉన్న అద్దం మీద నీళ్లు జారక పీట వేసుకుని కూర్చుంటాయా?" అన్నాను నేను.

మగవాళ్లు నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వింది. "మీరే చూద్దురుగాని అక్కా" అంది. నా మాటకు అది కూడా నవ్వేసరికి ఆ మాట నాది కాకుండా పోయింది.

ఆ పూట ఇంజనీరుగారి కారే ఉంది. అద్దం నేను తుడిచి పెట్టాను, కిర్రుమంది. నా తుడుపు మీద ఆ పిల్ల తన గుడ్డతో మళ్లీ తుడిచింది. మొదటి మంట అక్కడ పుట్టింది. తర్వాత కారును ఎండలోంచి నీడలోకి తోయించింది, అద్దం చల్లబడాలట. మెత్తటి బిళ్లకు మందు తడిపి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ అద్దమంతా రాసింది. స్పిరిట్ వాసన వేసింది. కాసేపటికి అద్దం మీద మంచు పట్టినట్టు తెల్లటి పొర లేచింది. దాన్ని పొడిగుడ్డతో తుడిచేసి, ఒక పూట దాకా తడి తగలనివ్వకూడదు అంది. సాయంత్రం మా ఓనరు పైపు పట్టాడు. నీళ్లు పడ్డవి పడ్డట్టే గుండ్రంగా ముడుచుకుని, చేమాకు మీద నీళ్లలా దొర్లిపోయాయి. అద్దం పొడిగా నిలబడింది.

అందరూ ఓహో అన్నారు. నేను నా గుడ్డలు పిండుకుంటూ ఉండిపోయాను. చూడలేదని చెప్పను. వాళ్లందరి కంటే ఎక్కువ చూశాను.

వారం పోయాక జోరు వానలో ఇంజనీరుగారు వచ్చారు. గొడుగు కూడా వెయ్యకుండా దిగారు.

"బ్యారేజీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా వైపరు వెయ్యలేదండీ. స్పీడు అందుకునేసరికి చుక్కలు పైకి ఎగబాకి పోతున్నాయి. ఏదండీ ఆ అమ్మాయి?"

ఆ అమ్మాయి ఏదని నన్నే అడిగారు. పిన్నిగారూ అని కూడా అనలేదు. నేను చెయ్యెత్తి చూపించాను. ఆ చెయ్యి ఎందుకు లేచిందా అని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పటి నుంచి ఆ పిల్లలో నేను వెతకని తప్పు లేదు. సీసా వాసనకు తల తిరుగుతోందని ఓనరుతో చెప్పాను. "తలుపు పక్కన నిలబడు పిన్నీ, గాలి వస్తుంది" అన్నాడు. మధ్యాహ్నం దాని మొగుడు బండి మీద క్యారేజీ తెచ్చి ఇచ్చేవాడు, ఒకోసారి ఆకులో చుట్టిన మల్లెపూలు కూడా. అది ఆ పూలు పెట్టుకుని అద్దం మీదికి వంగేది. కొత్త కారు ఏదైనా షెడ్డుకు వస్తే ముందద్దానికి పసుపు రాసి కుంకుమ పెట్టడం ఆనవాయితీ. నేను ఉన్నన్నాళ్లూ అద్దం తుడిచేది నేను, బొట్టు పెట్టడానికి ఓనరు భార్య ఇంట్లోంచి రావలసి వచ్చేది. ఇప్పుడు ఆవిడ రానక్కర్లేకపోయింది. తుడిచిన చేత్తోనే అది బొట్టూ పెట్టేస్తుంది. ఒక పనిని మేమిద్దరం ఆడవాళ్లం సగం సగం చేసేవాళ్లం, అది ఒక్కర్తే మొత్తం చేస్తోంది. ఎవరి మీద కోప్పడాలి నేను? దేవుడి మీద కోప్పడే ఓపిక లేక దాని మీద కోప్పడ్డాను.

ఆ మందు కలకాలం ఉండేది కాదని నాలుగు నెలలకు తెలిసింది. వైపరు తిరిగే చోట ముందు అరిగిపోతుంది. ఒక చోట ఉండి ఒక చోట పోయి, అద్దం మచ్చలు పడ్డట్టు మసగ్గా ఉంటుంది, వైపరు టకటకా గెంతుతుంది. అప్పుడు పాత మందంతా తీసేసి కొత్తది రాయాలి. తీయడానికి వేరే తెల్ల పేస్టు ఉంది. నీళ్లు పోస్తే ఇంకా గుండ్రంగా నిలబడుతున్నాయంటే మందు ఉన్నట్టు, దుప్పటి పరిచినట్టు పరుచుకున్నాయంటే పోయినట్టు. ఆ పిల్ల ఇదంతా మగవాళ్లకు చెబుతుంటే నేను వెనక్కి తిరిగి నిలబడి విన్నాను.

కార్తీకమాసంలో ఒక ఉదయం ఇంజనీరుగారి కారు వైపరు అలా గెంతించుకుంటూ వచ్చింది. ఆ పిల్ల లేదు, తుని దగ్గర లోవ అమ్మవారికి మొక్కుందని మొగుడితో వెళ్లింది. ఇంజనీరుగారు సాయంత్రం బ్యారేజీ దాటి అవతలి గట్టుకు పనిమీద వెళ్లాలి.

"రేపు ఆ అమ్మాయి వచ్చాక చేయిద్దామండి" అన్నాడు ఓనరు.

"నేను తీసేస్తాను. రాసేది రేపు రాస్తుంది" అన్నాను.

"నీకు వచ్చా పిన్నీ?"

"పదేళ్ల నుంచి అద్దం తుడుస్తున్నాను, పట్టిన మడ్డి తీయడం రాదా నాకు?"

సరేనని ఆయన కారు వదిలి ఆఫీసుకు వెళ్లారు. అలమారా తెరిచాను. మూడు డబ్బాలు, మూడూ తెల్లవే, మూడింటి మీదా ఇంగ్లీషే. ఏది తీసే మందో నాకేం తెలుసు. ఎవరినైనా చదవమని అడగవచ్చు. అడిగితే, పిన్నికి రాదు అని సాయంత్రానికి దాని చెవిన పడుతుంది. అడగలేదు.

మా షెడ్డు వెనక రైసు మిల్లుంది. మిల్లు వెనక ఊక బూడిద గుట్టలుగా పోస్తారు. మా వైపు గిన్నెలు తోమేది దానితోనే. అడుగంటిన అన్నం గిన్నె, పొగచూరిన కాగు, దేవుడి ఇత్తడి కుందులు, ఏదైనా ఆ బూడిద పడితే మెరవాల్సిందే. మా అత్తగారింట నాకు పేరు వచ్చిందే నా తోముడుకి. ఆ బూడిద తెచ్చి గుడ్డలో వేసి జల్లించాను, పొడి మెత్తగా పౌడరులా దిగింది. తడి చేసి, కొబ్బరిపీచుతో కాదు, గుడ్డతోనే రుద్దాను. అద్దం కదా అని జాగ్రత్తే పడ్డాను. సున్నాలు చుడుతూ రుద్దాను, అది చుట్టినట్టే.

గంట రుద్దాను. నీళ్లు కొట్టాను. నీళ్లు అద్దమంతా ఒక్క దుప్పటిలా పరుచుకుని దిగాయి. ఒక్క చుక్క కూడా గుండ్రంగా నిలవలేదు. దాని మందు మొత్తం నా చేత్తో కడిగేశాను. ఆ మధ్యాహ్నం అన్నం ఎంత రుచిగా ఉందో చెప్పలేను, ఉత్త గోంగూర పచ్చడే. నాలుగింటికి ఇంజనీరుగారు వచ్చి షెడ్డు నీడలో అద్దం చూసి, "బాగా తీశారండి పిన్నిగారూ" అన్నారు. నాలుగు నెలల తర్వాత విన్నాను ఆ పిలుపు.

మర్నాడు పొద్దున్నే కారు మళ్లీ వచ్చింది. ఆయన దిగి తలుపు మెల్లగా వేశారు. కోపం వచ్చినవాళ్లు గట్టిగా వేస్తారు, ఆయన మెల్లగా వేశారు.

"నిన్న సాయంత్రం బ్యారేజీ మీద పడమటికి తిరిగేసరికి ఎదురెండ పడిందండి. అద్దమంతా తెల్లగా మెరిసిపోయింది. ముందు వెళ్తున్న ట్రాక్టరు కనబడలేదు. బ్రేకు తొక్కాను కాబట్టి సరిపోయింది."

ఓనరు కారును ఎండకు తిప్పించాడు. అప్పుడు చూశాను నేను. సాలెగూడు లాగా సన్నటి గీతలు, సున్నా మీద సున్నా, అద్దం ఈ మూల నుంచి ఆ మూల దాకా. నీడలో ఒక్కటి కూడా కనబడలేదు. ఇత్తడి మీద మెరుపు తెచ్చేది అద్దం మీద గీత తెస్తుందని నాకు ఎవరు చెప్పారు? ట్రాక్టరు మాట చెవిలోంచి పోవడం లేదు.

ఆ పిల్ల అప్పటికే వచ్చింది. నుదుట అమ్మవారి కుంకుమ ఇంకా ఉంది. అద్దం అంచున రబ్బరులోకి వేలు పెట్టి లాగింది. వేలికి నల్లటి బూడిద అంటింది. నా వంక చూసింది. వేలు చీర కొంగుకు తుడిచేసుకుంది.

"నాదేనండి తప్పు" అంది ఓనరుతో. "మొదట మందు రాసినప్పుడు బిళ్లలో ఇసుక చేరినట్టుందండి, చూసుకోలేదు. మందు ఉన్నన్నాళ్లూ గీత పైకి కనబడదండి. ఇప్పుడు తీసేసరికి బయటపడింది."

ఓనరు దాన్ని నానా మాటలూ అన్నాడు. అది తల వంచుకుని "ఆయ్... ఆయ్" అంటూ నిలబడింది. నేను బతికిపోయాను. నోరు మూసుకుని ఉంటే చాలు. మూసుకునే ఉందును కూడా. అప్పుడు ఇంజనీరుగారన్నారు:

"పోనీలెండి, తిట్టకండి. తప్పు తనదని ఒప్పుకుంది. ఈ రోజుల్లో అలాంటి మనిషి దొరకదు."

పదేళ్లలో ఆయన నా గురించి అంత మాట అనలేదు. నా చెయ్యి బాగుందన్నారు గానీ మనిషి మంచిదని అనలేదు. ఆ పిల్ల నా అద్దాలు తీసుకుంది, పిలుపు తీసుకుంది, చివరికి నేను చేసిన తప్పు కూడా తీసుకుని దాంతో మంచిపేరు తెచ్చుకుంటోంది.

"అది చెయ్యలేదండి. నేను చేశాను. ఊక బూడిద పెట్టి తోమాను."

నిజం చెప్పాలన్న బుద్ధితో చెప్పానని ఎవరూ అనుకోవద్దు. ఆ మంచితనం దానికి దక్కకూడదని చెప్పాను.

ఓనరు తల పట్టుకున్నాడు. "గిన్నె అనుకున్నావా పిన్నీ?" అన్నాడు నెమ్మదిగా. ఇంజనీరుగారు నా వంక చూసి, ఏమీ అనకుండా కుర్చీలో కూర్చున్నారు. ఏదో ఒకటి అని ఉంటే బాగుండేది.

ఆ పిల్ల నన్ను పక్కకు తీసుకెళ్లింది. "ఎందుకు చెప్పారక్కా? నేను పడేదాన్ని కదా. నాకు ఈ పని కాకపోతే ఇంకో చోట దొరుకుతుంది. మీకు కష్టం కదా."

"నా తప్పు కూడా నీకే కావాలా? అన్నీ నీకేనా?"

అది నా ముఖంలోకి చూసింది. అప్పుడే దానికి అర్థమైనట్టుంది, ఇన్నాళ్లూ నేనెందుకు ముభావంగా ఉన్నానో. "మీరు తుడిచిన అద్దం మీదైతేనే నా మందు సరిగా పడుతుందక్కా. వేరేవాళ్లు తుడిస్తే రెండుసార్లు రుద్దుకోవాలి" అంది. నిజమే అన్నదో నన్ను ఊరుకోబెట్టడానికన్నదో తెలియదు. మంచిగా అన్నదని మాత్రం తెలుసు, అందుకే ఇంకా మండింది.

ఇంజనీరుగారి కారుకు కొత్త అద్దం వేయించారు. ఆ వారం ఓనరు నన్ను పిలిచి తేల్చి చెప్పాడు. "రెండే దారులు పిన్నీ. ఆ అమ్మాయి పక్కన నిలబడి ఏ డబ్బా ఏదో, ఎలా తీయాలో, ఎలా రాయాలో నేర్చుకో, అద్దాల మీదే ఉండు. లేదంటే లోపలి మ్యాట్లు ఉతుకు. నేర్చుకోని చెయ్యి అద్దం మీద పడ్డానికి నేను ఒప్పుకోను."

నేర్చుకోవడం పెద్ద కష్టం కాదు. డబ్బా మీద రంగు గుర్తు పెట్టుకుంటే చాలు. కానీ దాని పక్కన నిలబడి, ఇలాగేనా అని అడగాలి. అది, ఆ అలాగే అక్కా అని మెచ్చుకుంటుంది. ఆ మెప్పు నేను పడలేను.

"మ్యాట్లే ఇయ్యి" అన్నాను.

ఇప్పుడు మ్యాట్లే ఉతుకుతున్నాను. ఏ ఊరి బురద ఏదో రంగును బట్టి చెప్పగలను. ఇంజనీరుగారు వస్తారు, పోతారు, నమస్కారం పెడతారు. అద్దాల వైపు చూడకూడదని రోజూ అనుకుంటాను. చూస్తూనే ఉంటాను.