కైగల్లుకు బయలుదేరిన పొద్దు

బుడ్డప్పా, నువ్వు లేవని ఊరంతా చెప్పుకుంది. పేపర్లో కూడా ఒక మూల వేశారు. నా నోటితో నేనే ఇంకా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

మా పెద్దకొడుకు, మా బుడ్డప్ప పోయాడు. జబ్బు చేసి పోలేదు. పుంగనూరు పక్కన మా ఊళ్ళో, మా వాకిట్లోంచి పిలిస్తే పలికేంత దూరంలో, వాడి పెదనాయన కొడుకు గడ్డపారతో కొట్టి చంపాడు. వచ్చే నెల సంవత్సరీకం పెడుతున్నాం. ఆ రోజు వచ్చే బంధువుల కోసం, వాడిని ఎరిగినవాళ్ళ కోసం, ఎరగకపోయినా చదివేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

వాడి గురించి మాత్రమే అయితే ఏడ్చుకుని ఊరుకునేదాన్ని. నాకు చిన్నకొడుకు ఒకడున్నాడు. అన్నను చంపినవాడిని చంపేదాకా తెల్లన్నం ముట్టనని వాడు ఒట్టు పెట్టుకున్నాడు. పెద్దపంజాణిలో ఉండే మా పుట్టింటివాళ్ళు కొందరు వాడితోపాటు ఒట్టు పెట్టుకున్నారు. ఒకడు పోయాడు, రెండోవాడు నాకు మిగులుతాడా లేదా అన్నది ఆ ఒట్టు మీద ఉంది. అందుకని మొదటినుంచీ చెబుతాను.

మా పెద్దోడు టెంపో తోలేవాడు. చుట్టుపక్కల రైతుల టమోటా ఎత్తుకుని మదనపల్లె మార్కెట్టుకు, ఒక్కోసారి మద్రాసుకు. టమోటా ఆగే సరుకు కాదు. ఎండకు మెత్తబడుతుంది, కింది బాక్సుల్లోంచి రసం కారుతుంది. అందుకని వాడి బతుకంతా పరుగే. దారికి అడ్డం వచ్చినవాడికి తిట్టు, దిగి ఎదురొచ్చినవాడికి దెబ్బ. మార్కెట్టులో ఒకరోజు బాక్సులు మోసే ముసలామెను ఎవడో తోసేస్తే వాడి పన్ను రాలగొట్టి వచ్చాడు. చొక్కా చిరిగి ఉంది. ఏమిరా ఇది అని అడిగితే, "నేనేం జేసేది మా, వాని పల్లు వచ్చి నా చేతికి తగిలింది" అన్నాడు. నవ్వాలో కొట్టాలో తెలియలేదు. రెండూ చేశాను.

అట్లాంటివాడికి ఒక కోరిక ఉండేది. "ఎనక కుళ్ళిపోయే సరుకు లేకుండా ఒక్కసారి బండి తోలల్ల మా" అనేవాడు. "హారను గూడా కొట్టను. అడ్డమొచ్చినోళ్ళకు దారిచ్చి, నిదానంగా పోవల్ల."

కరువు ఏళ్ళన్నీ గడిచి పోయినేడు వానలు బాగా పడ్డాయి. కైగల్లు దగ్గర నీళ్ళు కొండ మీదినుంచి దుముకుతున్నాయని విని వచ్చాడు. స్నేహితుడి తెల్ల వ్యాను రెండు రోజులకు అడిగి పెట్టుకున్నాడు. నేను వంటింట్లో ఉంటే వచ్చి నా కూరగాయలన్నీ నేల మీద పరిచాడు.

"ఈ ఎర్రగడ్డ పుంగనూరు. ఈ టమోటా పలమనేరు. ఈ చెంబుండాది సూడు, ఇదే కైగల్లు. ఆ తెల్లగడ్డ కుప్పం."

"పలమనేరుకూ కైగల్లుకూ నడుమ అంత జాగా యాల ఇడిసినావు?"

"అడవి మా. ఏనుగులు దాటల్ల గదా."

చిన్నోడు గడప మీద కూర్చుని ఉన్నాడు. "ఏనుగొస్తే భయం లేదన్నా. అమ్మను దింపి రెండు మాటలు మాట్లాడమందాం. అదే పారిపోతాది" అన్నాడు.

"పొద్దు గూకేలోపల కుప్పంలో అక్కోళ్ళింటికి చేరుకుంటాం. తెల్లారి తమిళనాడు గడి దాటి ఏలగిరి కొండ ఎక్కితే ఆడ చెరువుండాది మా. కాళ్ళతో తొక్కే పడవలుండాయి."

"నా మోకాళ్ళతో నేను పడవ తొక్కేదా?"

"నువ్వు యాల తొక్కుతావు? రాణి మాదిరి కూసో. నీ కొడుకులిద్దరూ ఏం చచ్చినారా?"

ఆ మాట అన్నాడు. ఆ రోజు అందరం నవ్వాం. ఈలోగా చిన్నోడు ఎర్రగడ్డ తీసి తరిగేశాడు. "పుంగనూరు పులుసులోకి పోయిందన్నా, ఇంగ యాడినుంచి బయలుదేరతావో సూస్తా" అంటే పెద్దోడు వాడిని మెడ పట్టుకుని వాకిట్లోకి ఈడ్చాడు. ఇద్దరూ దుమ్ములో పొర్లారు. వాళ్ళ ప్రేమ కూడా అట్లా దెబ్బలతోనే ఉండేది.

మా ఇంట్లో దెబ్బలు కొత్త కాదు. మా వాకిలికి వచ్చే బండిబాట మా బావగారి చేను అంచు మీదుగా వస్తుంది. పిల్లలు బడికి పోయే కాలంలో ఆ బాట కోసం అన్నదమ్ములిద్దరూ కట్టెలతో కొట్టుకున్నారు. మా ఆయన మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. దున్నేటప్పుడు మడకమేడి పట్టాలన్నా, పంచె ముడి వేసుకోవాలన్నా ఆ చేయి పలికేది కాదు. జబ్బుతో ఆయన పోయిన రోజు దాకా ఆయన పంచె బిగించింది పెద్దోడే. ఆ పని చేసేటప్పుడు మాత్రం మాట్లాడేవాడు కాదు.

వాడి చేతి బలం ఊరికంతా తెలుసు. గంగమ్మ జాతరకు పొట్టేళ్ళు కొట్టడానికి వాడినే పిలిచేవాళ్ళు. ఒక్క వేటు. తల అటు, మొండెం ఇటు. నెత్తురు వాడి మోకాళ్ళ దాకా చిమ్మేది. "రెండో వేటు పడిందంటే అది మొక్కు గాదు మా, మనిషి కోపం" అనేవాడు. ఆ రోజు కూర ముట్టేవాడు కాదు. స్నానం చేసి వచ్చి మజ్జిగన్నం తిని పడుకునేవాడు. రాగిసంగటి పెడితే మాత్రం ముద్దలో బొటనవేలితో గుంత చేసి, పులుసు పోసుకుని, మొదటి ముద్ద నా నోట్లో పెట్టి తర్వాత తినేవాడు. మీసాలు వచ్చినా ఆ అలవాటు మానలేదు.

బయలుదేరిన పొద్దు సంగతి చెబుతాను. దూరం పోయే బండిని మాలో వాకిట్లో నుంచే కదిలిస్తారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంటి ఆడది గడప దిగి నేరుగా బండి ఎక్కాలి. రోడ్డు దాకా నడిచి వస్తాలేరా అంటే వాడు వినలేదు. "మా అమ్మ వాకిట్లోనే ఎక్కల్ల" అన్నాడు.

బాటకు అడ్డంగా కంప వేసి ఉంది. పాత పగతో వేశారనుకున్నాడు. ఆ కంప వేయడం, తీయడం మా రెండిళ్ళకూ ఏళ్ళ తరబడి అలవాటే. కంప లాగి పారేసి వ్యాను లోపలికి తెచ్చాడు. ఆ కంప పగతో వేసింది కాదు. మా బావగారి కొడుకు చేను అంచున టమోటా నారు పోసుకుని, మేకలు రాకుండా వేశాడు. విత్తనం పోసి పైన గడ్డి కప్పి ఉంటే చూసేవాళ్ళకు అది మడి అని తెలియదు. బాటలో గడ్డి పడి ఉందనుకుని మా వాడు దాని మీద తోలాడు. నిమ్మకాయలు తొక్కించి, నన్ను ఎక్కించుకుని మళ్ళీ అదే గడ్డి మీదకు వచ్చేసరికి బావగారి కొడుకు గడ్డపారతో నిలబడి ఉన్నాడు. చిన్నోడు ఇంటికి తాళం వేసి వెనక నడిచి వస్తున్నాడు.

"కండ్లు నెత్తికెక్కినాయా రా? నారంతా తొక్కి సంపినావు గదరా!"

"నారుండాదని తెలీలేదన్నా. నీళ్ళు సూసి వచ్చినాక నేనే ఇత్తులు తెచ్చి పోస్తా. బండిని పోనీ."

"నీళ్ళు సూసేకి పోతాండాడంట దొర! మీ నాయన చెయ్యి ఇరిగింది ఈడనే. నీకు యాడ ఇరగల్లో నువ్వే చెప్పు."

తండ్రి చేయి మాట వచ్చేసరికి మా వాడు దిగాడు. దిగి చెంప మీద కొట్టాడు. అది నేను దాచను. గడ్డపార మొదట భుజం మీద పడింది. రెండోది తల మీద. కింద పడ్డాక కూడా పడింది. తడి నేల మీద గుంజ పాతినట్టు ఆ చప్పుడు. ఒళ్ళో సద్దిమూటతో నేను వ్యానులో ఉన్నాను. తలుపు ఎట్లా తెరవాలో తెలియక అద్దాన్ని చేతులతో కొడుతున్నాను. "సిన్నమ్మా, నువ్వు దిగొద్దు!" అని వాడు నా మీద అరిచాడు. నన్ను చిన్నమ్మా అని పిలుస్తూనే నా బిడ్డను కొట్టాడు.

చిన్నోడు పరిగెత్తి వచ్చేసరికి వాడు గడ్డపార పారేసి చేలకు అడ్డంపడి పోయాడు. అదే వ్యానులో పెద్దోడిని ఎక్కించాం. పుంగనూరులో చూసి మదనపల్లెకు తీసుకుపొమ్మన్నారు. కైగల్లుకు తిరగాల్సిన బండి అటు తిరిగింది. చిన్నోడు ఏడుస్తూ, హారను మీద చేయి తీయకుండా, లారీల పక్కన దూరుకుంటూ తోలుతున్నాడు. నా చీర కుచ్చెళ్ళన్నీ నెత్తురుతో బరువెక్కాయి. పెద్దోడు కళ్ళు తెరిచి, "నిదానంగా తోలమను మా" అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. మదనపల్లె ఇంకా రాలేదు.

దాయాదులకు ఒకటే అంటు. చంపినవాడి ఇంటికీ మా ఇంటికీ ఒకే మైల పట్టింది. మా పొయ్యి ఎట్లా వెలగలేదో వాళ్ళ పొయ్యి అట్లా వెలగలేదు. నా తోడికోడలు తలకు నూనె లేకుండా గోడ అవతల కూర్చుంది, నేను ఇవతల కూర్చున్నాను. దినం నాడు మగవాళ్ళంతా ఒకే బోరు దగ్గర గుండ్లు కొట్టించుకోవాలి. మా బావగారు తల వంచుకుని వచ్చాడు. చిన్నోడు బకెట్టు ఎత్తి ఆయన తల మీద కొట్టాడు. గుండు మీదినుంచి నెత్తురు నీళ్ళతో కలిసి కారింది. ఆయన చేయి ఎత్తలేదు. నలుగురు పట్టుకుంటే గానీ చిన్నోడు ఆగలేదు.

ఆ పూట భోజనాల దగ్గర పెద్దపంజాణి నుంచి వచ్చిన మా వదినె అంది: "అన్న నెత్తురు ఆరకముందే పప్పన్నం దిగుతాదా రా నీకు? ఈ ఇంట్లో మగోళ్ళు ఉండారా, పోయినారా?" చిన్నోడు విస్తరి ఎత్తి గోడకు కొట్టాడు. అప్పుడే ఒట్టు పెట్టాడు. మా అన్న కొడుకులు కూడా విస్తళ్ళ మీదినుంచి లేచారు.

అప్పటినుంచి వాడు సంగటి ముద్ద చేతిలో పెట్టుకుని నిలబడి తింటాడు. నేను ఉడికించిన అన్నం వైపు చూడడు. జైలుకు పోయి బేలు మీద బయటికి వచ్చిన బావగారి కొడుకు కుప్పం దగ్గర అత్తగారి ఊళ్ళో ఉన్నాడని ఈ ఏడు తొలివానల తర్వాత తెలిసింది. మర్నాడే చిన్నోడు ఆ తెల్ల వ్యానునే అడిగి తెచ్చాడు. అక్కను చూసి వస్తానన్నాడు. నేను పోయి ముందు సీటులో కూర్చున్నాను.

"దిగు మా."

"దిగను. మీ యన్న నన్ను కైగల్లుకు తీసకపోతాననె. నువ్వు తీసకపో."

"ఇప్పుడు యాలమ్మా అది?"

"సీటు కింద కొడవలి పెట్టినావు గదా, దాన్ని గూడా ఎత్తుకోని పోదాం. అది గూడా నీళ్ళు సూస్తాది."

వాడు నావైపు చూడకుండా బండి తీశాడు. కైగల్లు దగ్గర నన్ను రాళ్ళ మీద చేయి పట్టుకుని దింపాడు. నీళ్ళు పడటమంటే మెల్లగా, చల్లగా ఉంటుందనుకున్నాను. అది కాదు. పైనుంచి ఎవరో కసితో కొడుతున్నట్టు, రాళ్ళను పగలగొట్టేదాకా వదలనన్నట్టు పడుతున్నాయి. ఆ రాళ్ళన్నీ గుంతలు పడి ఉన్నాయి. మా వాడు నిదానంగా చూద్దామన్నది దీన్నా అనిపించి నాకు ఏడుపు వచ్చింది. ఆ హోరులో నా ఏడుపు నాకే వినబడలేదు.

చిన్నోడి చెవి దగ్గర నోరు పెట్టి అరిచి చెప్పాల్సి వచ్చింది.

"వాణ్ణి నరికితే వానికీ మనకే రా అంటు. వాళ్ళమ్మ నా కొడుక్కు పట్టినట్టు, ఆమె కొడుక్కు నేను పట్టల్ల. మళ్ళా నూనె మానల్ల, మళ్ళా పొయ్యి ఆర్పల్ల. నిన్ను జైల్లో పెట్టింటారు. అంటు పొయ్యినాక పొయ్యి ముట్టించి నేను ఎవరికి వండేది?"

"అన్న నెత్తురుకు ఇలువ లేదా మా?"

"ఉండాది గాబట్టే అడుగుతాండా. వాడు పోతా పోతా నిన్ను ఏమి అడిగినాడు? వాణ్ణి సంపు అన్నాడా? నిదానంగా తోలమన్నాడు గదరా."

వాడు ఒక రాయి తీసి నీళ్ళలోకి విసిరాడు. ఇంకొకటి విసిరాడు. చేతికి అందినవన్నీ విసిరాడు. నోరు తెరిచి అరుస్తున్నాడని తెలుస్తోంది, మాట వినబడటం లేదు. భుజాలు అలిసిపోయేదాకా విసిరి నా పక్కన కూలబడ్డాడు. తడిసిన కొంగుతోనే వాడి మొహం తుడిచాను.

కుప్పం రాకముందే ఆ అత్తగారి ఊరికి మట్టిరోడ్డు చీలుతుంది. అక్కడ వాడు బండి ఆపాడు. ఇంజను ఆపకుండా ఆ రోడ్డు వైపే చూశాడు. కొంచెం సేపటికి గేరు వేసి నేరుగా కుప్పానికి తోలాడు. కూతురింట్లో అన్నం వడ్డిస్తే మాత్రం విస్తరి పక్కకు జరిపాడు. ఏలగిరి చెరువు చూద్దామా అంటే ఇప్పుడు వద్దన్నాడు. కొడవలి ఇప్పుడు మా ఇంటి చూరులో ఉంది. గడ్డి కోయడానికి తీస్తాడు. ఒట్టు విడిచానని చెప్పలేదు. విడవనని కూడా ఈ మధ్య అనడం లేదు.

సంవత్సరీకానికి గోడ అవతలికి కూడా కబురు పంపాను. నా తోడికోడలు వస్తుందో రాదో తెలియదు. వాకిట్లో పందిరి కింద విస్తళ్ళు వరసగా వేయిస్తాను. పెద్దపంజాణి నుంచి వచ్చే మా అన్న కొడుకులు, మా వదినె, మీరు మొదటి బంతిలోనే కూర్చోండి. చిన్నోడిని మీ నడుమ కూర్చోబెడతాను. వాడు మీ చేతుల వైపు చూస్తాడు. మీరు చేతులు కట్టుకుంటే వాడూ కట్టుకుంటాడు. మీరు అన్నం కలిపితే వాడూ కలుపుతాడు. నేను గరిటె పట్టుకుని వాడి ఎదురుగా నిలబడి ఉంటాను, అన్నం మీద ఆవిరి లేస్తూ ఉంటుంది. వచ్చినవాళ్ళందరూ కడుపునిండా తినండి.