చీనీ హోటలు

నేను నోరు లేనిదాన్ని కాదు. పులివెందులలో మా వీధి వీధంతా ఆ మాటకు సాక్ష్యం చెబుతుంది. అలాంటి నాకు ఒకే ఒక్క పూట నోట మాట రాకుండా పోయింది. అది మద్రాసులో, మా అన్న మమ్మల్ని తీసుకుపోయిన ఒక పెద్ద హోటల్లో.

అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని ముందు కర్నూలుకు, తర్వాత హైదరాబాదుకు పోయింది. పేపర్లలో మద్రాసు మనది కాకుండా పోయినా మా వైపు వాళ్ళకు ఆ సంగతి పెద్దగా ఎక్కలేదు. పెద్ద డాక్టరన్నా మద్రాసే, పెద్ద ఉద్యోగమన్నా మద్రాసే. ముద్దనూరులో రైలెక్కి కూర్చుంటే అక్కడ దిగుతాం, అంతే. మా అన్న అక్కడే చదువుకుని, ఒక కంపెనీ ఆఫీసులో చేరాడు. మొదటి జీతం అందగానే అమ్మను, నాయనను, నన్ను రమ్మని కబురు పెట్టాడు.

అమ్మ కొడుకును చూడడానికి బయల్దేరింది. నేను సముద్రం చూడడానికి బయల్దేరాను. నాయన మాత్రం తన చీనీ కాయల కోసం బయల్దేరాడు.

కోస్తావాళ్ళు బత్తాయి అనే కాయనే మేము చీనీ అంటాం. ఇప్పుడు మా చుట్టుపక్కల ఎటు చూసినా ఆ తోటలే గానీ, అప్పట్లో మావి శనక్కాయలు, జొన్నలు పండే చేలు. నాయనకు ఏం బుద్ధి పుట్టిందో, కోడూరు నుంచి అంటు మొక్కలు తెచ్చి బావి కింద నాటాడు. ఎద్దులతో కపిలె తోలి నీళ్ళు పారించాడు. ఎండాకాలం బావి అడుగంటితే ఊరవతల నుంచి కడవలతో మోసి చెట్టు చెట్టుకూ పోశాడు. అమ్మ మోసింది, నేనూ మోశాను. ఆ కడవ మీద కోపం నా భుజానికి ఇంకా తీరలేదు. ఊళ్ళో జనం మాత్రం కట్టమీద నిలబడి నవ్వేవాళ్ళు.

ఏళ్ళు గడిచాక చెట్లు కాశాయి. అప్పుడు నవ్వేవాళ్ళు మాట మార్చారు. కాయ కాస్తే చాలదు, తీపి ఉండాలి కదా అన్నారు. నాయన తొలికాపులో నాలుగు కాయలు పట్టుకుని ప్రొద్దుటూరు మండీకి పోయాడు. అక్కడి వ్యాపారి కాయ చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఊరి పేర్లోనే పులుపు పెట్టుకున్యారు గదప్పా, కాయ యాడ తియ్యగుంటాది" అని పక్కనున్న వాళ్ళను నవ్వించి పంపేశాడు. తిరుగు దారిలో నాయన జమ్మలమడుగులో మా మేనమామ ఇంటికి పోయాడు. ఆయన కాయ వొలవక ముందే "బెల్లమే బావా, బెల్లం" అన్నాడు. వద్దన్నవాడు తినకుండా వద్దన్నాడు, బాగుందన్నవాడు తినకుండా బాగుందన్నాడు.

అదిగో, అప్పుడు మా నాయన మొండికేశాడు. మన మీద కుళ్ళు లేనివాడు, మనతో మొహమాటం లేనివాడు ఎవరో ఒకరు తిని తీపి అని చెప్పాలి, అప్పటిదాకా నేను నోట్లో పెట్టను అన్నాడు. దేవుడికి పెట్టిన కాయలు కూడా మాకే పంచాడు గానీ తాను ముట్టలేదు. నేను తిన్నాను, తియ్యగానే ఉంది. ఆ మాటే చెప్పాను. "నువ్వు నా కూతురివి, నువ్వట్లనే అంటావు" అని తోసేశాడు. నాకు ఒళ్ళు మండింది. నా నాలుక కూడా కుళ్ళు, మొహమాటాల లెక్కలోకే పోయింది.

అందుకని, ఏరి ఏరి కోసిన కాయలు చిన్న గంపలో గడ్డి పరిచి పేర్చి, పైన తన కొత్త తువ్వాలు కప్పి, రైల్లో ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మద్రాసులో పండ్ల మార్కెట్టుకు పోయి ఎవరికైనా కోసి ఇచ్చి, వాళ్ళ మాట వినాలని ఆయన ఆశ. అంతకు మించి ఏమీ లేదు. అమ్ముకునే మాట తర్వాత.

అన్న గదిలో ప్రొద్దుటూరు సాయిబుల పిల్లవాడు ఒకడు జతగా ఉండేవాడు. మంచివాడు, నవ్వు మొహం వాడు. మేము దిగగానే టీ తెప్పించి, నాయన పక్కన కూర్చుని చెప్పాడు.

"మామా, ఈ పొద్దు మీ వాడు మిమ్మల్ని చీనీ హోటలుకు పిల్చుకపోతాండాడు. శానా పెద్ద హోటలు. దొరలొస్తారు ఆడికి."

నాయన టీ గ్లాసు కింద పెట్టాడు. "చీనీకంటూ ఒక హోటలుండాదా?"

"ఉండాది మామా. ఎవరినడిగినా చెప్తారు."

ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. వాళ్ళ ఉర్దూలో చైనా వాళ్ళదేదైనా చీనీయే. మా నాయనకు మాత్రం చీనీ అంటే ఒకటే. అమ్మ వైపు తిరిగి, "చూస్తివా? ఈడ చీనీకి హోటలే కట్టినారు. మనూర్లో నన్ను పిచ్చోడంటాండారు" అన్నాడు. నాకూ అనుమానం రాలేదు. మద్రాసు కదా, ఏదైనా ఉంటుంది అనుకున్నాను.

సాయంత్రం నాయన తలగుడ్డ తీసి కొత్తది చుట్టుకుని, గంప చంకన పెట్టుకుని బయటికొచ్చాడు. అన్న ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి తొందర పెడుతున్నాడు. "ఆ గంపెందుకు నాయనా?" అన్నాడు. "పోయేది యాడికి మరి" అన్నాడు నాయన. అన్నకు ఆ మాట అర్థం కాలేదు. వాదించే తీరికా లేదు. టాక్సీ వాకిట్లో నిలబడి ఉంది.

ఆ హోటలు తలుపు తెరవగానే లోపలి నుంచి చల్లటి గాలి మొహాన కొట్టింది. అమ్మ కొంగు చెవుల మీదికి లాక్కుంది. ఎర్ర బుడ్డీ దీపాలు, ఎర్ర స్తంభాలు, స్తంభాల మీద బంగారు రంగులో చుట్టుకున్న బొమ్మలు. "పాములే, పాములకు కాళ్ళు పెట్టినారు" అని అమ్మ నా చేయి పట్టుకుంది. లోపల మేజాల చుట్టూ సూట్లు వేసుకున్నవాళ్ళు, పట్టుచీరల వాళ్ళు, ఒక మూల దొర, దొరసాని. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. అంతమంది కూర్చుని తింటుంటే చప్పుడు లేకపోవడం చూసి నాకు భయం వేసింది.

గల్లా దగ్గర నల్లకోటు వేసుకున్న పెద్దాయన, చైనా మనిషి, కూర్చుని ఉన్నాడు. అన్న ఆపేలోపలే నాయన గంప ఆయన ముందు పెట్టి, తువ్వాలు తీశాడు.

"పులివెందుల కాయ సామీ. తొలికాపు. తిని చెప్పల్ల మీరు."

అన్న మొహం కందగడ్డ అయింది. గబగబా ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. నాకు 'గిఫ్ట్' అన్న ఒక్క మాట తెలిసింది. ఆ పెద్దాయన లేచి నిలబడ్డాడు. గంపను రెండు చేతులతో అందుకుని తల వంచాడు. తెల్ల చొక్కా సర్వరును పిలిచి లోపలికి పంపించాడు.

"రెండు చేతుల్తో తీసుకున్యాడు" అన్నాడు నాయన నాతో. తోట వేసిన నాటి నుంచి ఆయన మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

కూర్చున్నాం. ముందు గిన్నెల్లో చిక్కటి సూపు వచ్చింది. అమ్మ చెంచాతో ఎత్తి చూసి, "గంజి గదరా ఇది, ఎద్దుకు పోసేది" అని పక్కకు నెట్టింది. తర్వాత నూడిల్సు వచ్చాయి. బెల్లం లేని సేమియాలో కోడి ముక్కలు వేస్తారని నాకు అంతవరకు తెలియదు. పక్కనే రెండు పుల్లలు పెట్టారు. నేను వాటితో కాసేపు కుస్తీ పట్టి, చివరికి చెంచాతో తిన్నాను. నిజం చెప్పొద్దూ, నాకు శానా నచ్చింది. అమ్మ మాత్రం కప్పలు, పాములు వేసుంటారని తెల్లన్నం తప్ప ఏదీ ముట్టలేదు. ఆ అన్నంలోకి పెరుగు అడిగింది. పెరుగు లేదన్నారు. మజ్జిగ కూడా లేదన్నారు. "ఇంత పెద్ద హోటలు కట్టి ఒక బర్రెను పెట్టుకోలేకపోయినారా" అని అమ్మ నోటి మీద వేలేసుకుంది. అన్న అటూ ఇటూ చూసి తల దించుకున్నాడు. పాపం, తన మొదటి జీతంతో మమ్మల్ని ఆనందపెట్టాలనుకున్నాడు.

నాయన ఏం తిన్నాడో ఆయనకే తెలియదు. ఆయన చూపంతా వంటింటి తలుపు మీదే ఉంది. అది తెరుచుకున్నప్పుడల్లా వెన్ను నిటారు చేసి కూర్చునేవాడు. కొంతసేపు చూసి అన్నను అడిగాడు.

"వీళ్ళు ఇన్నాళ్ళు చీనీ కాయలు యాడ్నించి తెప్పిచ్చుకుంటాండారు రా?"

అన్నకు అప్పుడు తెలిసింది. "నాయనా, చీనీ అంటే కాయ కాదు. చైనా. ఇది చైనా దేశమోళ్ళ హోటలు."

నేను తింటున్న చెంచా అలాగే ఆగిపోయింది. నాయన స్తంభాల మీద బొమ్మలను, గల్లా దగ్గరి పెద్దాయనను ఒకసారి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"ఏ దేశమోళ్ళైతే ఏందిరా. నాలిక ఉంటాది గదా. అంత దూరమోడు తిని చెప్తే ఇంకా మంచిదే."

మళ్ళీ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

భోజనం ముగిసిందనగా ఆ తలుపు తెరుచుకుంది. సర్వర్లు వరసగా బయటికొచ్చారు. ప్రతి ఒక్కరి చేతిలో పళ్ళెం, పళ్ళెం నిండా గాజు గిన్నెలు. మా ముందూ తలా ఒకటి పెట్టారు. గోరువెచ్చటి నీళ్ళు, అందులో గుండ్రంగా, పల్చగా కోసిన ఒక ముక్క తేలుతోంది. పచ్చటి తొక్క, లేత పసుపు కండ. నేను చూడగానే గుర్తుపట్టాను. మా కాయ.

ఇది ఏదో వాళ్ళ దేశపు పానకం అనుకున్నాను. అంతలో అన్న, అలవాటు కొద్దీ, మాటల్లో ఉండి, నూనె చేతివేళ్ళు ఆ గిన్నెలో ముంచి కడుక్కున్నాడు. పక్క మేజా దగ్గర ఒకామె ఎర్ర గోళ్ళు ముంచి, ముక్కను వేళ్ళ మధ్య నలిపి, రుమాలుకు తుడుచుకుంది. అవతల దొర ముంచాడు. దొరసాని ముంచింది. ఆ హాలులో ఎటు చూసినా చేతులే, మా కాయ మీద కడుక్కుంటున్న చేతులు.

నాకు కడవలు గుర్తొచ్చాయి. లేచి అరవాలనుకున్నాను, నోరు తెరుచుకోలేదు. అమ్మ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని రాయిలా కూర్చుంది. అన్న తన గిన్నెలోకి చూశాడు, నాయన మొహంలోకి చూశాడు, చేయి నీళ్ళలోంచి తీయడం కూడా మరిచిపోయాడు.

నాయన తన గిన్నెను రెండు చేతులతో ఎత్తాడు. ఆ నీళ్ళు తాగాడు, చుక్క మిగలకుండా. తర్వాత అడుగున మిగిలిన ముక్కను తీసి, తొక్కతో, గింజలతో సహా నమిలి మింగాడు. తన చెట్టు కాయ ఆయన మొదటిసారి తినడం అదే.

పక్క మేజా దగ్గర కిసుక్కున నవ్వారు. చేతులు కడుక్కునే నీళ్ళు తాగేశాడు పల్లెటూరివాడు అనుకున్నారు. ఆయనకు అవి ఎందుకిచ్చారో తెలియదని వాళ్ళు అనుకున్నారు. ఆయనకు బాగా తెలుసు. కొడుకు చేయి ముంచడం కళ్ళారా చూసే తాగాడు. ఆ నవ్వినవాళ్ళ మీద నా కడుపుమంట ఇప్పటికీ చల్లారలేదు.

అప్పుడు అన్న తన గిన్నెలోని ముక్కను తీశాడు, వేళ్ళు కడిగిన ఆ మురికి నూనె నీళ్ళలోంచి.

"వొద్దు రా. చెయ్యి కడిగినావు గదా" అన్నాడు నాయన.

అన్న వినలేదు. నోట్లో పెట్టుకుని నమిలాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా, "తీపుండాది నాయనా" అన్నాడు. నాయన ఆ మాటను కూడా మొహమాటం కిందే కట్టాడేమో.

బయటికొస్తుంటే గల్లా పెద్దాయన గంపను శుభ్రంగా తుడిపించి, తువ్వాలు మడత పెట్టి, మళ్ళీ రెండు చేతులతో ఇచ్చాడు. పాపం, ఆయన మర్యాదే చేశాననుకున్నాడు. మా కాయ వాసన ఆ హాలంతా పంచాడు. నాయన గంప అందుకుని, "తిన్యాడేమో అడగరా" అన్నాడు. అన్న అడిగాడు. ఆయన నవ్వి ఏదో చెప్పాడు.

"శానా మంచి వాసనంట నాయనా" అన్నాడు అన్న.

"వాసన" అన్నాడు నాయన. అంతే. మరుసటి రోజు మార్కెట్టుకు పోదామని అన్న ఎంత చెప్పినా ఆయన రాలేదు. ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని రైల్లో ముద్దనూరు దాకా అలాగే కూర్చున్నాడు.

తర్వాతి కాపుకు మా తోట మాట ఎలా పాకిందో పాకింది, మద్రాసు నుంచి ఒక పండ్ల వ్యాపారి తోటకే వచ్చాడు. మాతో ఏ బంధుత్వమూ లేనివాడు, ఏ కుళ్ళూ లేనివాడు. చెట్టు నుంచి ఒక కాయ తెంపి, కత్తితో కోసి, తిన్నాడు. రసం గడ్డం మీదికి కారింది. "ఇంత తీపి కాయ నేను కోడూరులో కూడా తినలేదు పెద్దాయనా" అన్నాడు. నాయన ఆశపడ్డ మాట, ఆయన కోరుకున్నటువంటి మనిషి నోటి నుంచి, ఆయన తోటలోనే వచ్చింది. నేను గట్టు మీద నిలబడి నాయన మొహం చూస్తున్నాను. వ్యాపారి మిగిలిన సగం కాయ నాయన చేతికి అందించి, "నువ్వూ తిని చూడు" అన్నాడు.

నాయన ఆ చెక్కను తీసుకోలేదు. కపిలె దగ్గరికి నడుస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"నేను తిన్యాన్లేప్పా. మద్రాసులో."